రూపం మార్చే కణం

న్యూయార్క్ నగరంలోని స్లోన్-కెట్టరింగ్ పరిశోధన సంస్థలో 1970వ దశకం ఆరంభంలో, నాడీ కాన్సర్‌తో బాధపడుతున్న నాలుగేళ్ల బాలిక ఎముక మజ్జ నుండి కొన్ని కణాలను సేకరించి గాజుపాత్రలో పెంచారు. ఆ పనికి పూనుకొన్నవారు జూన్ బీడ్లర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు. పోషకద్రవంలో కణాలు చక్కగా వృద్ధిచెందాయి. అయితే సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఒక వింత కనిపించింది. ఒకే బిడ్డ నుండి, ఒకే వ్యాధి నుండి వచ్చిన ఆ కణాలు ఒకే తీరుగా లేవు. కొన్ని చిన్నవి, గుండ్రనివి. నాడీకణాలకు ఉండే సన్నని తంతువుల వంటివాటిని చాచుకొని, పాత్ర అడుగున వదులుగా అంటుకొని ఉన్నాయి. మరికొన్ని వెడల్పుగా, బల్లపరుపుగా పరుచుకొని, అడుగును గట్టిగా కరచుకొని ఉన్నాయి.

రెండు జాతుల కణాలు పొరపాటున కలసిపోయాయా అనే సందేహం సహజంగానే కలుగుతుంది. ఆ సందేహ నివృత్తికై ఒక్కొక్క కణాన్నే విడదీసి, దాని సంతతిని వేరుగా పెంచారు. గుండ్రని రూపపు సంతతికి ‘ఎన్’ రకమనీ, బల్లపరుపు రూపపు సంతతికి ‘ఎస్’ రకమనీ పేర్లు పెట్టారు. రాబర్ట్ రాస్, బార్బరా స్పెంగ్లర్, జూన్ బీడ్లర్ 1983లో ప్రకటించిన ఫలితాలు శాస్త్రలోకానికి కొత్త సమస్యను తెచ్చిపెట్టాయి. విడదీసి పెంచిన సంతతిలో సైతం కాలక్రమాన కొన్ని కణాలు తమ రూపాన్ని విడిచి రెండవ రూపాన్ని ధరించాయి. మార్పు పై ఆకారానికే పరిమితం కాలేదు. నాడీకణాలకు లక్షణమైన ఎంజైములు ఎన్ రకంలో ఉండగా, ఎస్ రకంలోకి మారిన కణాలలో అవి కానరాలేదు. తిరిగి ఎన్ రూపానికి వచ్చిన కణాలలో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. పగటివేషగాడు వేషంతోపాటు మాటతీరునూ మార్చుకున్నట్లు, ఈ కణం ఆకారంతోపాటు తన వృత్తినే మార్చుకుంటున్నది.

చాలాకాలం ఇది ప్రయోగశాలకు మాత్రమే సంబంధించిన వింతగా మిగిలిపోయింది. ఇప్పుడది రోగి మంచం దగ్గరికి వచ్చింది. చికిత్స పూర్తయి, వ్యాధి జాడ లేదని వైద్యులు చెప్పిన బిడ్డకు ఏడాదికో రెండేళ్లకో జబ్బు ఎందుకు తిరగబెడుతున్నదనే ప్రశ్నకు సమాధానంలో ఒక భాగం ఈ రూపాంతరంలో ఉన్నదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

పుట్టుకతో వచ్చిన సంచార గుణం

ఈ వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు న్యూరోబ్లాస్టోమా. మెదడును మినహాయిస్తే, పసిపిల్లలలో గడ్డ రూపంలో వచ్చే కాన్సర్లలో ఇదే ఎక్కువ. ఏడాది లోపు శిశువులకు వచ్చే కాన్సర్లన్నిటిలోనూ దీనిదే మొదటి స్థానం. వ్యాధి బయటపడేనాటికి రోగుల వయస్సు సగటున ఏడాదిన్నర మాత్రమే ఉంటుంది. అయిదేళ్లు దాటిన పిల్లలలో ఇది అరుదు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం బాలల కాన్సర్ మరణాలలో సుమారు 15 శాతం దీనివల్లనే సంభవిస్తున్నాయి. ఎక్కువ సందర్భాలలో గడ్డ పొట్టలో, మూత్రపిండం మీద టోపీలా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథిలో పుడుతుంది. మెడలోను, ఛాతీలోను, కటి భాగంలోను వెన్నెముక పక్కగా సాగే నాడీమాల వెంబడి ఎక్కడైనా పుట్టవచ్చు. గుండె వేగాన్ని, రక్తపు పోటును మనిషి ప్రమేయం లేకుండా నడిపించే నాడులు ఇవే.

1864లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ వర్కో ఒక పసివాడి పొట్టలోని ఇటువంటి గడ్డను వర్ణించాడు. 1910లో బోస్టన్ నగరానికి చెందిన జేమ్స్ హోమర్ రైట్, ఈ గడ్డలు ఇంకా పరిణతి పొందని నాడీకణాల నుండి పుడతాయని గుర్తించాడు. అందుచేత ఈ జబ్బును అర్థం చేసుకోవాలంటే తల్లి గర్భంలో నాడీమండలం రూపొందే తీరును చూడవలసి ఉంటుంది.

పిండం ఏర్పడిన తొలివారాలలో వీపు భాగాన మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన గొట్టం తయారవుతుంది. ఆ గొట్టపు అంచుల నుండి కొన్ని కణాలు విడివడి పిండమంతటా వలస పోతాయి. వీటిని న్యూరల్ క్రెస్ట్ కణాలంటారు. కోడిపిండంలో వీటిని 1868లో మొదటిసారిగా గుర్తించినవాడు విల్‌హెల్మ్ హిస్. ఈ వలసకణాల సంతానం చిత్రవిచిత్రమైనది. చర్మానికి రంగునిచ్చే కణాలు, ముఖంలోని ఎముకలు, పేగుల గోడలలోని నాడులు, అడ్రినల్ గ్రంథి లోపలి భాగం, నాడుల మీద తొడుగుగా ఉండే కణాలు, ఇవన్నీ ఆ ఒక్క మూలం నుండి వచ్చినవే.

ఏ కణం ఏమి కావాలో ఎవరు నిర్ణయిస్తారు? ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త నికోల్ ల దువారాఁ 1970వ దశకంలో దీనికి అందమైన ప్రయోగంతో జవాబు చెప్పారు. కంజుపిట్ట కణాల కేంద్రకం చూడగానే కోడి కణాల కేంద్రకం నుండి వేరుగా పోల్చుకోవచ్చు. ఆమె కంజుపిట్ట పిండంలో అడ్రినల్ గ్రంథి కావలసిన ప్రాంతపు వలసకణాలను తీసి, కోడిపిండంలో పేగు నాడులు పుట్టే ప్రాంతంలో నాటారు. ఆ కణాలు అడ్రినల్ కణాలు కాలేదు. పేగులోకి వలసపోయి, అక్కడి నాడీకణాలుగా మారాయి. ఎదురు ప్రయోగంలోనూ అదే జరిగింది. తమ గతిని ఈ కణాలు చాలావరకు చేరిన చోటును బట్టి నిర్ణయించుకుంటాయని తేలింది. వెళ్లిన చోటికి తగిన రూపం ధరించడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. న్యూరోబ్లాస్టోమా ఆ వంశంలోనే పుట్టిన జబ్బు. ఎన్నటికీ స్థిరపడని వలసకణం ఆ వంశగుణాన్ని పూర్తిగా మరచిపోదు.

ఒకే జబ్బు, రెండు గతులు

ఈ గుణమే న్యూరోబ్లాస్టోమాకు సంబంధించిన ఒక పాత చిక్కుముడిని కొంతవరకు విప్పుతుంది. ఇతర కాన్సర్లలో ఎంతో అరుదైన సంఘటన ఇందులో తరచుగా జరుగుతుంది. గడ్డ తనంతట తానే కరగిపోతుంది, లేదా నిరపాయకరమైన గడ్డగా పరిణతి చెందుతుంది. సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్, రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు బర్ట్ వోల్‌బాక్ 1927లోనే అటువంటి ఉదంతాన్ని ప్రకటించారు. ఒకప్పుడు ప్రమాదకరమని తేలిన గడ్డ కొన్నేళ్ల తరువాత పరీక్షించినప్పుడు పరిణతి పొందిన నాడీకణాల సముదాయంగా కనిపించింది. 1971లో ఫిలడెల్ఫియాకు చెందిన ఆడ్రీ ఎవాన్స్, ఆమె సహచరులు మరొక ప్రత్యేక స్థితిని వేరుచేసి చూపారు. ఏడాది లోపు శిశువులలో కాలేయానికీ, చర్మానికీ, ఎముక మజ్జకూ వ్యాధి పాకినప్పటికీ, స్వల్ప చికిత్సతోనో, అసలు చికిత్స లేకుండానో ఎక్కువమంది కోలుకొంటారు.

జపాన్ అనుభవం ఈ సంగతిని దేశవ్యాప్తంగా రుజువు చేసింది. ఈ గడ్డలు విడుదల చేసే పదార్థాలు మూత్రంలో కనిపిస్తాయి గనుక, 1985 నుండి ఆ దేశంలో ఆరు నెలల శిశువులందరికీ మూత్ర పరీక్ష జరిపే పథకాన్ని అమలు చేశారు. ముందుగా కనిపెడితే మరణాలు తగ్గుతాయన్నది ఆశ. అయితే కెనడాలోని క్యూబెక్‌లోను, జర్మనీలోను జరిపిన ఇటువంటి పరిశీలనల ఫలితాలు 2002లో వెలువడినప్పుడు, కనిపెట్టిన గడ్డల సంఖ్య పెరిగిందే తప్ప మరణాలు తగ్గలేదని తెలిసింది. పరీక్షలో దొరికినవాటిలో చాలా భాగం వాటంతట అవే కరగిపోయేవి. ప్రాణం తీసేవి ఆ వయస్సు దాటాకనే తలెత్తుతున్నాయి. జపాన్ 2004లో ఆ పథకాన్ని నిలిపివేసింది. అవసరం లేని శస్త్రచికిత్సకూ, మందులకూ గురైన పసివారి సంగతి తలచుకొంటే, ఈ జబ్బు స్వభావం తెలియకపోవడం ఎంత నష్టం తెచ్చిందో బోధపడుతుంది.

రెండవ గతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. రోగులలో సుమారు సగంమందికి వ్యాధి తీవ్రమైన రకానికి చెందుతుంది. వీరికి కీమోథెరపీ, శస్త్రచికిత్స, అధిక మోతాదు మందుల తరువాత మూలకణాల మార్పిడి, రేడియేషన్, ఆపైన మరికొన్ని మందులు ఏడాదికి పైగా సాగుతాయి. ఇంత చేసినా, మంచి వసతులున్న దేశాలలో సైతం దీర్ఘకాలం బతికి బయటపడేవారు సుమారు సగంమందే. మొదటి మందులకు గడ్డ లొంగుతుంది, కుంచించుకుపోతుంది. తిరగబెట్టినప్పుడు మాత్రం లొంగదు.

పుస్తకం ఒకటే, చదివే పుటలు వేరు

తీవ్రతకు కారణం జన్యువులలో వెదకడం సహజమే. అక్కడ ఒక ముఖ్యమైన ఆధారం దొరికింది కూడా. బీడ్లర్, స్పెంగ్లర్ 1976లోనే ఈ కణాల క్రోమోజోములపై రంగు ఒకే తీరుగా పట్టే అసాధారణ భాగాలను గమనించారు. 1983లో ఎమ్‌వైసీఎన్ అనే జన్యువు బయటపడింది. మామూలు కణంలో రెండే ప్రతులు ఉండవలసిన ఆ జన్యువు, ఈ గడ్డలలో కొన్నింట పదుల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు వందల సంఖ్యలో పోగుపడి ఉన్నది. బీడ్లర్ చూసిన భాగాలు అవే. ముదిరిన వ్యాధికీ ఈ జన్యువు పెరుగుదలకూ సంబంధం ఉన్నదని గారెట్ బ్రోడర్ బృందం 1984లో చూపింది. రోగులలో అయిదవ వంతు మందిలో ఈ లక్షణం కనిపిస్తుంది. 2008లో ఆల్క్ అనే మరొక జన్యువులోని దోషం కూడా బయటపడింది. కాని పెద్దల కాన్సర్లతో పోలిస్తే ఈ పసివారి గడ్డలలో జన్యుదోషాలు బహు స్వల్పం. ఒకే గడ్డలో ఇన్ని రకాల కణాలు ఎందుకున్నాయో ఆ కొద్దిపాటి దోషాలు చెప్పలేకపోయాయి.

2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రోజియర్ వెర్‌స్టేగ్ బృందం, పారిస్ నగరంలోని క్యూరీ సంస్థ శాస్త్రజ్ఞులు వేరువేరుగా, దాదాపు ఏకకాలంలో సమాధానం సూచించారు. ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు ఒకే రోగి నుండి వచ్చిన రెండు రూపాల కణాలను జంటలుగా పోల్చారు. జన్యుగ్రంథం రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా ఏ పుటలు తెరచి ఉన్నాయన్న దానిలోనే ఉన్నది. ఒక రూపంలో నాడీకణానికి అవసరమైన జన్యువులు మేలుకొని ఉన్నాయి. నోరడ్రినలిన్ తయారీకి సంబంధించిన ఈ రూపానికి అడ్రినర్జిక్ అని పేరు. రెండవ రూపంలో ఆ జన్యువులు నిద్రపోతుండగా, ఇంకా ఏ వృత్తిలోనూ స్థిరపడని, కదలాడే లక్షణం గల ఆదిమ కణాల జన్యువులు పనిచేస్తున్నాయి. దీనికి మెసెంకైమల్ అని పేరు. నలభై యేళ్లనాటి ఎన్, ఎస్ రకాలకు ఇవి సరిపోతున్నాయి.

ఒక్కొక్క రూపాన్ని నిలబెట్టేది కొద్దిపాటి ప్రోటీనుల కూటమి. ఇవి జన్యువులను మీటే అధికారుల వంటివి. ఒకదానినొకటి బలపరచుకొంటూ, తమ రూపానికి చెందిన జన్యువులన్నిటినీ మేలుకొలిపి ఉంచుతాయి. నాడీరూపాన్ని ఫాక్స్2బి, హ్యాండ్2, గాటా3 అనే ప్రోటీనులు నిలబెడతాయి. రెండవ రూపానికి చెందిన పీఆర్‌ఆర్‌ఎక్స్1 అనే ఒక్క ప్రోటీనును నాడీరూపపు కణంలో ప్రవేశపెట్టగా, ఆ కణం క్రమంగా రెండవ రూపం వైపు మళ్లింది. ఒకే ఒక్క అధికారి బదిలీతో కార్యాలయం యావత్తూ మారిపోయినట్లయింది. పొరుగు కణాల మధ్య సంకేతాలు నడిపే నాచ్ అనే వ్యవస్థ కూడా ఇటువంటి మార్పు తేగలదని 2019లో తెలిసింది.

ఇందులోని ప్రమాదం ఇప్పుడు స్పష్టమవుతుంది. రెండవ రూపపు కణాలు కీమోథెరపీని ఎక్కువగా తట్టుకొంటున్నాయని ప్రయోగశాలలో తేలింది. చికిత్స అనంతరమూ, తిరగబెట్టినప్పుడూ సేకరించిన గడ్డలలో ఆ రూపపు కణాల పాలు పెరిగి కనిపించింది. మందు వచ్చినప్పుడు ఒక వేషంలో దాగి, మందు పోయాక మరొక వేషంలో తిరిగి రాగల శత్రువుతో వైద్యుడు పోరాడవలసి వస్తున్నది. ఇందుకు ఆ కణానికి కొత్త జన్యుదోషమేదీ అవసరం లేదు.

గాజుపాత్రలోనూ, దేహంలోనూ

అయితే గాజుపాత్రలో చూసినది రోగి దేహంలోనూ అంతే జరుగుతుందా అనే ప్రశ్న మిగిలింది. ఒక్కొక్క కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదవగల పద్ధతులు వచ్చాక శాస్త్రజ్ఞులు రోగుల గడ్డలనే నేరుగా పరీక్షించారు. అక్కడ కాన్సర్ కణాలలో అత్యధిక భాగం నాడీరూపంలోనే ఉన్నాయి. మెసెంకైమల్ లక్షణాలు కనిపించిన కణాలలో చాలావరకు కాన్సర్ కణాలు కావు. గడ్డలో కలసి ఉండే మామూలు కణాలు. ఈ ఫలితాలతో రెండు రూపాల సిద్ధాంతం కేవలం గాజుపాత్ర కల్పించిన భ్రమేమో అన్న వాదం తలెత్తింది.

2023లో క్యూరీ సంస్థ ప్రకటించిన పరిశోధన ఈ వాదాన్ని ఒక కొలిక్కి తెచ్చే ప్రయత్నం చేసింది. రెండు రూపాల కణాలనూ వేరువేరుగా ఎలుకల శరీరంలో నాటి చూశారు. ఏ రూపంతో ఆరంభించినా చివరకు గడ్డలోని కణాలు నాడీరూపానికే వచ్చాయి. దేహంలోని పరిసరాలు కణాన్ని ఆ రూపం వైపు బలంగా నెడుతున్నాయన్నమాట. 18 గడ్డల నమూనాలను కణం వెంట కణంగా పరిశీలించినప్పుడు నాడీరూపమే అన్నిటా కనిపించింది. కాని ఆ నాడీరూపపు కణాలలోనే ఒక చిన్న వర్గం రెండవ రూపపు లక్షణాలను కొంతవరకు ధరించి ఉన్నది. పూర్తి వేషం కట్టకపోయినా, వేషం మార్చే శక్తి వాటిలో ఉన్నదని దీనినుండి తెలుస్తున్నది. కంజుపిట్ట, కోడి పిండాల ప్రయోగంలో ల దువారాఁ చూపిన సత్యమే కాన్సర్ కణం విషయంలోనూ పునరావృతమైంది. ఉన్న చోటు కణానికి రూపమిస్తున్నది.

చంపడమా, మార్చడమా?

రూపం మార్చే గుణం ముప్పు తెచ్చిపెట్టినట్లే, వైద్యానికి మార్గం కూడా చూపింది. ‘ఎ’ విటమిన్‌కు సంబంధించిన రెటినోయిక్ ఆమ్లం సోకితే న్యూరోబ్లాస్టోమా కణాలు విభజన మానుకొని, పొడవైన తంతువులు చాచి, పరిణత నాడీకణాల వలె మారడం 1980వ దశకం తొలినాళ్లలోనే గమనించారు. ప్రధాన చికిత్స ముగిసిన పిల్లలకు ఈ మందును ఇచ్చి చూసిన అమెరికా పరిశోధన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. మూడేళ్లు గడిచేసరికి వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు మందు తీసుకొన్నవారిలో 46 శాతం, తీసుకోనివారిలో 29 శాతం. మొటిమలకు చర్మవైద్యులు వాడే ఐసోట్రెటినోయిన్ ఇదే. కణాన్ని చంపకుండా దాని నడవడిని మార్చి సాధించిన విజయాలలో ఇది చెప్పుకోదగినది.

ఆ తరువాతి మెట్టు ప్రతిరక్షకాలు. న్యూరోబ్లాస్టోమా కణాల పైపొరలో జీడీ2 అనే కొవ్వుజాతి పదార్థం సమృద్ధిగా ఉంటుంది. దానిని గుర్తుపట్టి అంటుకొనే ప్రతిరక్షకాన్ని ఇచ్చినప్పుడు, దేహపు రక్షణ కణాలు వచ్చి కాన్సర్ కణంపై పడతాయి. ఆలిస్ యూ నాయకత్వంలో జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, రెండేళ్లనాటికి వ్యాధి తిరగబెట్టనివారు ఈ చికిత్స పొందినవారిలో 66 శాతం, పొందనివారిలో 46 శాతం. 2015లో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతినిచ్చింది. వెల మాత్రం సామాన్య కుటుంబానికి అందరానిది.

ఇక్కడ కూడా కణం తన పాత విద్యను ప్రదర్శించింది. మెసెంకైమల్ రూపానికి మారిన కణాలలో జీడీ2 తయారీకి కావలసిన ఎంజైము తగ్గిపోతుందనీ, పైపొరలో ఆ గుర్తు లేకపోయేసరికి ప్రతిరక్షకం దానిని పోల్చుకోలేదనీ 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు. అయితే అదే పరిశోధన ఒక ఉపాయం కూడా సూచించింది. జన్యుగ్రంథపు పుటలను మూసి ఉంచే ఈజెడ్‌హెచ్2 అనే ప్రోటీనును మందుతో అడ్డుకొంటే, ప్రయోగశాలలో ఆ కణాలపై జీడీ2 మళ్లీ కనిపించింది. శత్రువును ముందు తన వేషంలోకి రప్పించి, అప్పుడు ఆయుధం ప్రయోగించడం ఇందులోని కిటుకు. ఇది ప్రయోగశాల దశలో తేలిన సంగతి. పసివారి చికిత్సగా నిలవాలంటే ఇంకా పరీక్షలు దాటవలసి ఉన్నది. కాని దారి ఎటువైపో తెలిసింది. ఎక్కువ మోతాదులో ఎక్కువ విషం పోయడం కన్నా, కణం ఏ రూపంలో ఉన్నదో తెలుసుకొని, దానిని లొంగే రూపంలో నిలిపి ఉంచి చికిత్స చేయడం ఆ దారి.

తల్లిదండ్రులు గమనించవలసినవి

ఈ జబ్బును ముందుగా నివారించే ఉపాయమేదీ లేదు. తల్లి గర్భవతిగా తిన్నదానివల్లనో, చేసిన పనివల్లనో ఇది వచ్చిందని ఎవరైనా నిందిస్తే ఆ నిందకు ఆధారం లేదు. వంశపారంపర్యంగా వచ్చేది బహు కొద్దిమందిలో మాత్రమే. బిడ్డ పొట్టలో గట్టి గడ్డ చేతికి తగలడం, దెబ్బ తగలకుండానే కళ్ల చుట్టూ నల్లగా కమలడం, కనుగుడ్డు ముందుకు పొడుచుకురావడం, కారణం లేకుండా కుంటడం, ఎముకల నొప్పితో ఎత్తుకోనివ్వకపోవడం, వారాల తరబడి జ్వరం, పాలిపోవడం, ఇవి కనిపించినప్పుడు ఆలస్యం చేయక పిల్లల వైద్యునికి చూపాలి. ఇవన్నీ మామూలు జబ్బులలోనూ రావచ్చు గనుక భయపడనక్కరలేదు. ఉపేక్షించడం మాత్రం తగదు. చికిత్స ముగిసిన బిడ్డకు వైద్యులు చెప్పిన గడువు ప్రకారం పరీక్షలు చేయించడం కూడా అంతే ముఖ్యం.

స్లోన్-కెట్టరింగ్ సంస్థలో పెరిగిన ఆ నాలుగేళ్ల బాలిక కణాల సంతతి ఈనాటికీ భారతదేశంతో సహా అనేక దేశాల ప్రయోగశాలలలో పెరుగుతూనే ఉన్నది. నాడీరూపంలో ఒక శాఖ, బల్లపరుపు రూపంలో మరొక శాఖ. వాటిని గాజుపాత్రలో తొలిసారి చూసిన జూన్ బీడ్లర్ 2017లో కన్నుమూశారు. ఆమె చూసిన వింతకు జన్యుశాస్త్రం వివరణ చెప్పిన సంవత్సరం కూడా అదే.